బిగించక ముందే అమరిక

యంత్రాలతో సహవాసం చేసేవారికి 'అమరిక' అన్నది నిత్యం నోట మెదిలే మాట. మోటారును పంపుతోనూ, గేరుబాక్సును రోలుతోనూ జతపరచే ప్రతి సందర్భంలోనూ రెండు షాఫ్టుల కేంద్రరేఖలు ఒకే గీతపై నిలిచేలా చూడడం మన వృత్తిధర్మం. అందుకోసం కాగితమంత పలుచని షిమ్ములను పెడుతూ తీస్తూ, డయల్ గేజి ముల్లు మిల్లీమీటరులో వందోవంతు కదిలినా కనుబొమలు ముడిచి, గంటల తరబడి నేలమీద కూర్చుంటాం. ఇంత చాదస్తం ఎందుకని ఇంట్లోవారు అడిగితే చెప్పగలిగిన సమాధానం ఒక్కటే. అమరిక తప్పిన యంత్రం ఆ రోజే ఆగిపోదు. తిరుగుతుంది, పని చేస్తుంది, చూసేవారికి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోలోపల మాత్రం బేరింగు వేడెక్కుతూ, కప్లింగు అరుగుతూ ఉంటుంది. ఎవరూ లేని ఏ అర్ధరాత్రి షిఫ్టులోనో లెక్క తేలుతుంది.

అయితే ఈ వ్యాసంలో నేను ముచ్చటించదలచుకున్నది మన కర్మాగారంలోని యంత్రం గురించి కాదు. ఇంజనీరింగు విద్యార్థులు తమ చేతులతో నిర్మించుకున్న ఒక చిన్న కారు గురించి, అందులో మూరెడు పొడవైనా లేని ఒక స్టీరింగు షాఫ్టు గురించి. ముప్పై ఏళ్లుగా పెద్ద యంత్రాల వద్ద నేర్చుకున్న సూత్రమే ఆ చిన్న కారులోనూ కనిపించింది. పైగా అక్కడ ప్రమాదంలో ఉన్నది బేరింగు కాదు, మనిషి.

విద్యార్థుల బండి

మన దేశంలో ఇంజనీరింగు విద్యార్థుల కోసం 2007లో 'బాహా ఎస్.ఎ.ఇ. ఇండియా' అనే పోటీ మొదలైంది. అమెరికాలో 1976లో ఆరంభమైన ఇటువంటి పోటీయే దీనికి మాతృక. కళాశాలల బృందాలు ఉక్కు గొట్టాలతో చట్రం కట్టి, ఒక్కరు మాత్రమే కూర్చునే బండిని రూపొందించాలి. రాళ్లు, గోతులు, బురద నిండిన దారిలో దానిని నడిపి చూపాలి. చివరి పరీక్ష నాలుగు గంటల ఓర్పు పందెం. దానికి ముందు నిపుణులు బండిని అంగుళం అంగుళం పరీక్షిస్తారు. బ్రేకు, స్టీరింగు, చట్రం ఈ మూడింటిలో దేనిపై సందేహం కలిగినా సరిచేసి తెచ్చేవరకు పోటీలోకి అనుమతి ఉండదు. ఇండోరు సమీపంలోని పీథంపూర్ వాహన పరీక్షా ప్రాంగణం చాలా ఏళ్లు ఈ పోటీకి వేదికగా నిలిచింది.

మన టౌన్‌షిప్ పిల్లలు కొందరు చదివే కళాశాల బృందం 2019 ఆరంభంలో జరిగే పోటీకి సిద్ధమవుతోంది. బండి నడపడానికి ఎంపికైన విద్యార్థిని మా పక్క క్వార్టరులో ఉండే సహోద్యోగి కుమార్తె. బక్కపలుచని పిల్ల. బండి బయలుదేరడానికి ఇంకా పన్నెండు రోజులే ఉందనగా ఒక సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. "మా అమ్మాయి చెయ్యి ఆ స్టీరింగుకు చాలడం లేదట. డ్రైవరును మార్చేద్దామంటున్నారు. అది మాత్రం తప్పు తనది కాదు, బండిదేనంటోంది. మీరొక్కసారి చూసి పెడితే దాని మనసు కుదుటపడుతుంది సార్" అన్నారు.

కళాశాల వర్క్‌షాపుకు ఒంటరిగా వెళ్లడం ఇష్టంలేక, మన మెకానికల్ విభాగంలో ఫిట్టరుగా చేరి చార్జిహ్యాండుగా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయనను తోడు తీసుకువెళ్లాను. షాఫ్టును వేలితో తాకి దాని ఆరోగ్యం చెప్పగల చేయి ఆయనది.

ఆ అమ్మాయి ఏడుపు మొహంతో ఎదురుపడుతుందనుకున్నాను. అలా జరగలేదు. స్టీరింగు చక్రం అంచుమీద నాలుగుచోట్ల తెల్లని టేపు ముక్కలు అంటించి పెట్టింది. "ఎక్కడపడితే అక్కడ బరువుగా లేదు అంకుల్. చక్రం ఒక చుట్టు తిరిగేలోపల రెండుసార్లు పట్టేస్తోంది, రెండుసార్లు వదిలేస్తోంది. ఈ రెండు టేపులు పట్టేసే చోట్లు, ఈ రెండూ వదిలేసే చోట్లు. ఎడమకు తిప్పితే తేలిక, కుడికి తిప్పితే బరువు. నా చేతిలో బలం లేకపోతే రెండువైపులా ఒకేలా ఉండాలి కదా?" అంది.

ఆ మాటతో రోగం సగం తెలిసిపోయింది.

చుట్టుకు రెండుసార్లు

తిరిగే యంత్రాల కంపనాలను కొలిచేవారికి ఒక మోటు సూత్రం కంఠస్థం. కంపనం చుట్టుకు ఒక్కసారి వస్తుంటే ముందుగా బరువు సమతూకం తప్పిందేమో, షాఫ్టు వంగిందేమో చూడాలి. చుట్టుకు రెండుసార్లు వస్తుంటే అమరికను అనుమానించాలి. ఏ పరికరమూ లేకుండా, కేవలం అరచేతులతో ఆ అమ్మాయి సరిగ్గా అదే కొలత తీసింది.

స్టీరింగు విషయంలో ఈ 'రెండుసార్లు' అన్నదాని వెనుక యూనివర్సల్ జాయింటు ఉంది. ఒకదానికొకటి ఏటవాలుగా ఉన్న రెండు షాఫ్టులను కలిపే కీలు ఇది. రెండు కవ్వాలు, వాటి నడుమ కూడిక గుర్తు ఆకారంలో ఒక ఇనుప ముక్క ఉంటాయి. పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరుతోనూ, పదిహేడో శతాబ్దపు ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతోనూ దీన్ని పిలుస్తారు. హుక్ 1676లో ప్రచురించిన ఒక చిన్న గ్రంథంలో ఈ కీలును వర్ణించాడు. దీని గుణమొకటి ఆయన దృష్టిని ఆకర్షించింది. ఒక షాఫ్టును సమవేగంతో తిప్పినా, వాలుగా ఉన్న రెండో షాఫ్టు సమవేగంతో తిరగదు. చుట్టుకు రెండుసార్లు ముందుకు ఉరుకుతుంది, రెండుసార్లు వెనుకబడుతుంది. సూర్యఘటికపై నీడ పగలంతా ఒకే వేగంతో నడవకపోవడం కూడా ఈ లెక్కకు లోబడే ఉంటుందని గ్రహించి, ఆయన దానిని వాడుకోజూశాడు. ఖగోళ పరికరానికి వరమైన ఆ గుణం స్టీరింగుకు మాత్రం శాపం.

ఎంత శాపమన్నది వాలును బట్టి ఉంటుంది. పది డిగ్రీల వాలులో వేగం హెచ్చుతగ్గు నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే కనుక చేతికి తెలియదు. ఇరవై డిగ్రీలకు అటు ఆరు, ఇటు ఆరు. ముప్పై డిగ్రీలకు వచ్చేసరికి 0.87 నుంచి 1.15 దాకా ఊగుతుంది. వేగం పెరిగిన చోట చేతికి బరువు పెరుగుతుంది, వేగం తగ్గిన చోట బరువు తగ్గుతుంది.

దీనికి విరుగుడు కూడా ఆ కీలే. ఒకటి కాక రెండు కీళ్లు పెట్టి, మొదటిది చేసిన తప్పును రెండోది సరిగ్గా అంతే దిద్దేలా ఏర్పాటు చేయవచ్చు. అందుకు రెండు షరతులున్నాయి. రెండు కీళ్ల వద్ద వాలు సమానంగా ఉండాలి. మధ్య షాఫ్టు రెండు కొసల్లోని కవ్వాలు ఒకే తలంలో ఉండాలి. మూడు షాఫ్టులూ పక్కలకు తొలగకుండా ఒకే నిలువు తలంలో ఉన్నప్పుడు ఈ రెండు షరతులు చాలు. వీటిలో ఏది తప్పినా విరుగుడు పూర్తిగా పనిచేయదు. రెండోది పావుచుట్టు మేర తప్పితే మాత్రం రెండో కీలు మొదటిదాని తప్పును దిద్దడానికి బదులు దానికి మరికొంత జోడిస్తుంది.

విప్పి చూడడం

ఈ సంగతి బృంద నాయకుడికి తెలియకపోలేదు. అతనూ పాఠ్యపుస్తకంలో చదివాడు. "కంప్యూటరు డ్రాయింగులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్. కాస్త గ్రీజు పెట్టి నాలుగు రోజులు తిప్పితే అదే వదులవుతుంది" అన్నాడు. అంతవరకు మౌనంగా ఉన్న మా చార్జిహ్యాండు గారు చక్రాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి, "గ్రీజు సంగతి తరవాత. ముందు విప్పండి బాబూ. బిగించి ఉన్నప్పుడు అన్నీ అబద్ధమే చెబుతాయి" అన్నారు.

ఆ మాటను నేను ఆయన నోట ఎన్నోసార్లు విన్నాను. పైపులు బిగించి ఉన్న పంపుకు అమరిక చూడబోతే ఆయన ముందుగా ఫ్లాంజి బోల్టులు వదులు చేయించేవారు. పైపు తన దారిన తాను పక్కకు జరిగిందంటే, ఇంతకాలం బోల్టులే దాన్ని లాగిపెట్టి ఉంచాయన్నమాట. ఆ లాగుడంతా పంపు బేరింగు మోస్తోందన్నమాట.

కనుక వరుసగా విప్పాం. ముందుగా బండి ముందుచక్రాలను జాకీపై లేపి తిప్పి చూశాం. బరువు తగ్గింది కానీ టేపు ముక్కల దగ్గర పట్టు మాత్రం ఉంది. అంటే టైర్లది కాదు తప్పు. తరువాత టై రాడ్లు విడదీశాం. పట్టు ఇంకా ఉంది. అంటే చక్రాల దగ్గరి కీళ్లదీ కాదు. అడుగు జాయింటును ర్యాక్ పినియను నుంచి విడదీసి ర్యాక్‌ను చేత్తో జరిపితే నూనెలో జారినట్టు నడిచింది. ఇక మిగిలింది పై షాఫ్టు, మధ్య షాఫ్టు, రెండు కీళ్లు.

పై షాఫ్టును మోసే బేరింగులు రెండు. కింది బేరింగు బ్రాకెట్టుకున్న రెండు బోల్టులను ఒక విద్యార్థి వదులు చేస్తుండగా, రెండోది ఇంకా పూర్తిగా రాకముందే 'టక్'మన్న చప్పుడుతో బ్రాకెట్టు తనంతట తానే పక్కకు నాలుగు మిల్లీమీటర్లు దూకింది. వర్క్‌షాపులో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. వెల్డింగు చల్లారినప్పుడు లోహం ముడుచుకుని పలక ఒరిగింది. బోల్టు రంధ్రాలు కలవకపోయేసరికి ఎవరో సన్నని గడ్డపారతో నెట్టి కలిపి బిగించారు. షాఫ్టు ఆనాటి నుంచి విల్లులా వంగిన స్థితిలోనే తిరుగుతోంది. డ్రాయింగులో లేని ఆ నాలుగు మిల్లీమీటర్లు బండిలో ఉన్నాయి.

తరువాత కోణాలు కొలిచాం. స్పిరిట్ లెవెల్ ఉన్న కోణమాపకాన్ని పక్కనుంచి పట్టి చూస్తే, క్షితిజ సమాంతరం నుంచి చక్రం షాఫ్టు వాలు 30 డిగ్రీలు, మధ్య షాఫ్టు 58, పినియను షాఫ్టు 70. అంటే పై కీలు వద్ద వంపు 28 డిగ్రీలు, కింది కీలు వద్ద 12. మొదటి షరతు తప్పింది. మధ్య షాఫ్టు కవ్వాలను చూస్తే ఒకటి నిలువుగా, రెండోది అడ్డంగా ఉంది. రెండో షరతూ తప్పింది. ఎందుకలా పెట్టారని అడిగితే, అలా తిప్పి పెడితేనే బిగింపు బోల్టుకు స్పానరు అందుతుందని ఒక విద్యార్థి నిజాయితీగా చెప్పాడు.

నల్లబల్లమీద లెక్క వేశాం. 28 డిగ్రీల కీలు ఒక్కటే ఉంటే నిష్పత్తి 0.88 నుంచి 1.13 వరకు ఊగుతుంది. దానికి 12 డిగ్రీల కీలు పావుచుట్టు తేడాతో తోడవగా 0.86 నుంచి 1.16 అయింది. అంటే తేలికచోటుకూ బరువుచోటుకూ మధ్య మూడో వంతుకు పైగా వ్యత్యాసం. పైగా బండి తిన్నగా వెళ్లే స్థితిలోనే చక్రం ఆ ఎగుడుదిగుడులో మధ్య మెట్టుమీద ఉంది కనుక, ఎడమకు తిప్పితే దిగుడు, కుడికి తిప్పితే ఎగుడు. ఆ అమ్మాయి టేపు అంటించిన చోట్లకూ, లెక్కలో వచ్చిన చోట్లకూ బెత్తెడు తేడా కూడా లేదు.

ఆడలేక మద్దెల ఓడన్నారన్నది సామెత. ఇక్కడ మద్దెలే ఓడు. నింద మాత్రం ఆడేవారిమీద పడింది.

వంపును పంచడం

ఇక చికిత్స. వెల్డింగు కోసి మళ్లీ చేయాలన్నాను. నాయకుడి ముఖం వాడిపోయింది. పన్నెండు రోజుల్లో రంగు వేయాలి, ఇంజను పరీక్షించాలి, బండిని లారీకి ఎక్కించాలి. రంధ్రాలను కాస్త సాగదీసి సర్దుకుందామని ఒకరు, రెండో డ్రైవరుగా ఉన్న దృఢకాయుడైన అబ్బాయిని కూర్చోబెడదామని మరొకరు సూచించారు. ఆ అబ్బాయే ముందుకు వచ్చి చక్రం తిప్పి చూసి, "నా చేతులతో తిరుగుతుంది సార్. కానీ మలుపు తరవాత దానంతట అది వెనక్కి రావడం లేదు" అన్నాడు. అది అసలైన మాట.

మలుపు తిరిగిన బండి చక్రాలు తమంత తాము తిన్నగా రావాలని చూస్తాయి. ముందుచక్రాల కీలురేఖను వెనక్కు వాల్చి పెట్టేది ప్రధానంగా అందుకోసమే. షాఫ్టు ఎక్కడో బిగుసుకుంటే ఆ శక్తి చాలదు. చక్రం మలుపులోనే నిలిచిపోతుంది. బలమున్న డ్రైవరు దానిని లాక్కొస్తాడు, నిజమే. కానీ నాలుగు గంటల పందెంలో మూడో గంటకు ఆ బలం ఉంటుందా? గోతిలో పడి లేచిన బండిని సర్దుకోవడానికి ఉండే వ్యవధి అర సెకను మాత్రమే. బలవంతుడిని కూర్చోబెడితే దోషం పోదు, దాగుతుంది. ఈ మాట చెప్పాక ఎవరూ వాదించలేదు. నాయకుడే కట్టింగు యంత్రం చేతిలోకి తీసుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. చక్రం షాఫ్టు 30 డిగ్రీలు, పినియను 70 డిగ్రీలు. నడుమ ఉన్న 40 డిగ్రీల వంపును తొలగించడం మా వశంలో లేదు. డ్రైవరు కూర్చునే తీరు ఒకదాన్ని, పాదాల చోటు రెండోదాన్ని నిర్ణయించాయి. మేము చేయగలిగింది ఆ 40ని రెండు కీళ్లకూ సమానంగా పంచడమే. తిలాపాపం తలా పిడికెడన్నట్టు, మధ్య షాఫ్టును 58 నుంచి 50 డిగ్రీలకు వాలిస్తే పైన 20, కింద 20. రెండూ సమానమైన క్షణాన, కవ్వాలు ఒకే తలంలో ఉంటే, హెచ్చుతగ్గు సున్న.

మధ్య షాఫ్టు పొడవు 300 మిల్లీమీటర్లు. కింది కీలు చోటు మార్చకుండా 8 డిగ్రీలు వాల్చాలంటే పై కీలు వెనక్కు 34, కిందికి 25 మిల్లీమీటర్లు జరగాలి. దానికి అనుగుణంగా చక్రం షాఫ్టు తన వాలు మార్చకుండా, తన గీతకు లంబంగా 38 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. దాని అడుగు కొసను 17 మిల్లీమీటర్లు కురచ చేయాలి. కాగితంమీద ఇది రెండు నిమిషాల లెక్క. కానీ చక్రం దిగితే డ్రైవరు మోకాళ్లకు తగలవచ్చు. అందువల్ల ఏదీ కోయకముందే ఆ అమ్మాయిని హెల్మెటు, బెల్టులతో సహా సీటులో కూర్చోబెట్టి, అట్టతో చేసిన చక్రాన్ని కొత్త ఎత్తులో పట్టుకుని చూశాం. మోకాలికీ అంచుకూ మధ్య పిడికిలి పట్టేంత చోటు మిగిలింది.

బేరింగు గూళ్లను మళ్లీ అతికించేటప్పుడు చార్జిహ్యాండు గారు మన షాపు పద్ధతినే పాటించారు. అసలు షాఫ్టునూ, బేరింగులనూ పక్కన పెట్టించారు. వెల్డింగు వేడికి గ్రీజు కరిగి బేరింగు పాడవుతుంది. లేతుమీద రెండు బుష్షులు తిప్పించి, వాటిలోంచి నిటారైన ఒక మెరుపు కడ్డీని దూర్చి, రెండు గూళ్లూ ఆ కడ్డీమీద స్వేచ్ఛగా జారేలా ఉంచి, చట్రానికి చుక్కలు చుక్కలుగా వెల్డు పెట్టించారు. చల్లారనిచ్చి కడ్డీని తిప్పి చూడడం, ఎదురువైపు మరో చుక్క, మళ్లీ చల్లారనివ్వడం. విద్యార్థులకు ఓపిక నశించింది కానీ ఆయనకు నశించలేదు. చివరి చుక్క చల్లారాక కూడా కడ్డీ రెండు వేళ్లతో తిరిగింది. రంధ్రాలను సాగదీసి బోల్టుతో సర్దుదామన్న సూచనను ఆయన ఒప్పుకోలేదు. సర్దుబాటు అయ్యాక డోవెల్ పిన్ను పడని చోట బోల్టును నమ్మకూడదన్నది ఆయన నియమం. గోతిలో పడిన బండి కుదుపుకు సాగిన రంధ్రంలో బ్రాకెట్టు జారితే చేసిన అమరికంతా వృథా.

బిగింపు క్రమం కూడా అంతే శ్రద్ధగా సాగింది. మొదట ర్యాక్‌ను చట్రానికి, తరువాత కింది కీలును పినియనుకు, ఆపైన మధ్య షాఫ్టు, పై కీలు, అన్నింటికంటే చివర కాలమ్ బ్రాకెట్టు. కదలని కొస నుంచి కదిలే కొసకు. ప్రతి బోల్టు బిగించాక చక్రాన్ని ఒక చుట్టు తిప్పి చూడడం. ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఒకే ముక్క షాఫ్టు ఉండే పాత జీపుల్లో కూడా ఇదే ధోరణి. స్టీరింగు పెట్టెను చట్రానికి బిగించాక, పైన డాష్‌బోర్డు దగ్గరి పట్టీని వదులు చేసి, కాలమ్‌ను దానికి ఇష్టమైన చోట నిలవనిచ్చి అప్పుడు బిగించేవారు. కాలమ్‌ను లాగి పట్టీలోకి తెచ్చినవాడు మంచి మెకానిక్కు కాడు.

స్పానరు అందని సమస్య ఏమైందని పాఠకులు అడగవచ్చు. మధ్య షాఫ్టు కవ్వాన్ని సరైన తలంలోకి తిప్పాక నిజంగానే స్పానరు అందలేదు. పాదాల దగ్గరి రేకులో రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, బిగించాక రబ్బరు మూతతో మూశారు. అంత సులువైన పరిష్కారం కోసం ఎవరూ అడగకపోవడంతో ఆ కీలు నెలరోజులు పావుచుట్టు పక్కకు తిరిగి ఉంది.

నిటారు కాకపోవడమే మేలు

ఈ పని జరుగుతుండగా ఒక విద్యార్థి అడిగాడు. "ఇంత గొడవ ఎందుకు సార్, చక్రం నుంచి పెట్టెదాకా ఒకే తిన్నని కడ్డీ పెడితే పోలేదా?"

అడగవలసిన ప్రశ్నే. పూర్వం అలాగే ఉండేది. కానీ తిన్నని గట్టి కడ్డీ ఒక కొస బండి ముందుభాగంలో, మరో కొస డ్రైవరు ఛాతీకి ఎదురుగా ఉంటుంది. బండి దేనినైనా ఢీకొని ముందుభాగం నలిగితే ఆ కడ్డీ బల్లెమై వెనక్కు వస్తుంది. రాల్ఫ్ నాడర్ 1965లో కార్ల భద్రతపై రాసిన ప్రసిద్ధ పుస్తకంలో ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపాడు. 1968 నుంచి అమెరికాలో కొత్త కార్లకు గుద్దుకున్నప్పుడు నలిగి ముడుచుకునే స్టీరింగు కాలమ్ తప్పనిసరి అయింది. నేటి కార్లలో మధ్య షాఫ్టు ఒకదానిలోకి ఒకటి జారే గొట్టంలా ఉండడం, కీళ్ల వద్ద వంపు ఉండడం ఇవన్నీ ఛాతీని కాపాడేందుకు తోడ్పడేవే. కనుక స్టీరింగులో వంపు దోషం కాదు, రక్షణ. దోషమల్లా ఆ వంపు లెక్కప్రకారం కాక, బలవంతం ప్రకారం ఉండడం.

ఇదే సందర్భంలో మన కుటుంబాల్లోని యువకులకు ఒక మాట. ఈ విద్యార్థుల బండి మూసిన ప్రాంగణంలో, పరీక్షకుల కళ్లెదుట నడిచేది. వీధిలో నడిపే జీపుకో కారుకో స్టీరింగు మార్పించడం పూర్తిగా వేరు సంగతి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. చట్టం సంగతి అటుంచినా, స్టీరింగు జాయింటుకు వీధి మూల వెల్డరు చేత అతుకు వేయించుకోవడం ప్రాణాన్ని అతుకుమీద వేలాడదీయడమే.

పని ఎనిమిదో రోజుకు పూర్తయింది. టైర్లు నేలమీద ఉండగానే ఆ అమ్మాయి చక్రాన్ని ఒక కొస నుంచి మరో కొసకు నిదానంగా తిప్పింది. ఏమీ అనలేదు. అంచుమీది నాలుగు టేపు ముక్కలనూ ఒక్కొక్కటిగా గోటితో ఊడదీసి చెత్తబుట్టలో వేసింది. నాయకుడు దగ్గరకు వచ్చి, "సారీ. నువ్వు మొదటిరోజే చెప్పావు" అన్నాడు. "ఇప్పుడు విన్నావుగా" అని ఆమె నవ్వేసింది.

పీథంపూర్‌లో స్టీరింగు పరీక్ష ఏ అభ్యంతరమూ లేకుండా గడిచిందని వారు ఫోనులో చెప్పారు. పందెంలో బహుమతి రాలేదు. మూడో గంటలో వెనుక ఇరుసు ఒకటి విరిగి బండి ఆగిపోయింది. అంతవరకు నడిపింది ఆ అమ్మాయే. ఇరుసు విరిగిన వెంటనే పక్కకు ఒరిగిన బండిని దారి మధ్యలో వదలకుండా ఒక్క చేతితో గట్టు వారకు తెచ్చి నిలిపిందట. ఆ వార్త చెబుతున్నప్పుడు వాళ్ల నాన్నగారి గొంతు గద్గదమైంది. నాకు మాత్రం ఆ 'ఒక్క చేతితో' అన్న మాట బహుమతికంటే తీపిగా వినిపించింది.

మన విభాగాల్లో కూడా ఏదైనా పట్టేస్తున్నప్పుడు అందరికీ మొదట తట్టేది మరికాస్త బలమే. పెద్ద స్పానరు, పొడవైన గడ్డపార, గట్టి మనిషి. పట్టేస్తోందని చెప్పిన వారి మాట చాలాసార్లు వారి అశక్తతగా లెక్కకు వస్తుంది. నిజానికి యంత్రం మొదట మాట్లాడేది దాన్ని రోజూ చేత్తో తాకేవారితోనే. ఆపరేటరు 'ఏదో తేడాగా ఉంది' అన్నప్పుడు 'ఏ చోట, చుట్టుకు ఎన్నిసార్లు' అని తిరిగి అడగగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగానికి బోల్టులు వదులు చేసే ధైర్యం కావాలి. విప్పగానే భాగాలు తమ సొంత చోట్లకు పోతాయి. అవి పోయిన చోటుకూ, మనం బిగించిన చోటుకూ మధ్య ఉన్న దూరమే సరిచేయవలసిన తప్పు. ఆ దూరాన్ని బోల్టు చేత మోయించకుండా ఆధారాన్నే జరిపి పూరించినప్పుడు, ఆఖరి బోల్టు వేళ్లతోనే లోపలికి దిగుతుంది. స్పానరు అవసరం దాన్ని అక్కడ నిలిపి ఉంచడానికి మాత్రమే.